పుంటికూర మడికో బందిపోటు

ఒమాన్‌లోని బహ్లాలో పనిచేసిన ఆ రోజుల్ని ఇప్పుడు తలుచుకుంటే ఒక్క శుక్రవారాలే కళ్ల ముందుకొస్తాయి. మిగిలిన వారమంతా ఎటు పోయిందో తెలీదు. సైటు, సిమెంటు, బస్సు, నిద్ర, అన్నీ కలిసి ఒకే ముద్దయిపోయాయి. శుక్రవారం మాత్రం తీరిగ్గా తలస్నానం చేసి, ఉతికిన బట్టలు తీగల మీద ఆరేసి, కడుపునిండా తిని మెస్ హాల్లో టీవీ ముందు కాళ్లు చాపుకుంటే, కాలం కూడా మా పక్కనే చాప వేసుకుని పడుకున్నట్టుండేది. నాకప్పటికి మీసం సరిగా రాలేదు గానీ, లోకంలో ఎక్కడ అన్యాయం జరిగినా నేనే వెళ్లి సరిదిద్దాలన్న నమ్మకం మాత్రం దండిగా వచ్చేసింది. (తరవాత ఆ నమ్మకం పోయి మీసం వచ్చింది.)

నన్ను ఒమాన్ తీసుకొచ్చింది మా కాక, అంటే నాన్న తమ్ముడు. జగిత్యాల దిక్కు మా ఊళ్లో బోర్లు ఎండిపోతే పొలం పడావు పెట్టి, తాపీ పట్టుకుని గల్ఫుకు వచ్చాడు. మనిషైతే మేస్త్రీ అయ్యాడు గానీ చేతులు రైతు చేతులుగానే ఉండిపోయాయి. మేముండే లేబర్ క్యాంపులో అన్ని రూముల ఏసీల నుంచి కారే నీళ్లను పైపు ముక్కలతో ఒక్కచోటికి మళ్లించి, వెనక గోడవారగా చిన్న తోట వేశాడు. పుంటికూర (మీరు గోంగూర అంటారు), తోటకూర, నాలుగు మిరప మొక్కలు, గోడమీదికి పాకిన బీరతీగ. డ్యూటీ నుంచి రాగానే బూట్లయినా విప్పకుండా తోట దగ్గరికి పోయేవాడు. ఆకుల్ని వేళ్లతో నిమిరి వచ్చాకే మాతో మాట్లాడేవాడు. అక్కడ నిలబడ్డంతసేపూ ఆయన ఒమాన్లో ఉన్నట్టుండేవాడు కాదు.

ఒక శుక్రవారం టీవీలో పాత ఇంగ్లీషు సినిమా వచ్చింది. గుర్రాలు, టోపీలు, దుమ్ము. మాటలు ఇంగ్లీషు, కింద అక్షరాలు అరబ్బీ, చూసేవాళ్లమంతా కరీంనగర్, నిజామాబాద్ వాళ్లం. అందుకని కథ చెప్పే బాధ్యత జేసీబీ నడిపే హైదరాబాదు భాయ్ తీసుకున్నాడు. (ఆయనకూ ఇంగ్లీషు రాదని మాకు తెలుసు. మాకు తెలుసని ఆయనకూ తెలుసు.) ఒక రైతు తన పొలం దున్నుకుంటూ ఉంటాడు. కొందరు గుర్రాల మీద వచ్చి ఇల్లు తగలబెట్టి, భూమి లాక్కుంటారు. ఆ రైతు మొహానికి దస్తీ కట్టుకుని బందిపోటవుతాడు.

"జమీన్ ఖాలీ చెయ్ అంటున్నడు ఆ కోటోడు. నక్కో బోల్‌రా ఈన," అన్నాడు భాయ్.

"గుర్రంతోని దున్నుడేందివయా? సాలు జూడు, ఎంత వంకర వోయిందో," అన్నాడు మావాళ్లలో ఒకడు.

"భూమి మంచిదే. మక్క బాగ పండుతది," అన్నాడింకొకడు.

తుపాకులు పేలుతున్నాయి, మనుషులు గుర్రాల మీంచి రాలిపడుతున్నారు, మావాళ్లు మాత్రం అది వానకాలం పంటా, యాసంగి పంటా అని తగువులాడుతున్నారు. కాక ఒక్క మాటా మాట్లాడకుండా చూశాడు. సినిమా అయ్యాక లేచి లుంగీ దులుపుకుంటూ, "అందరిని కాల్చిండు, సరే. మరి ఆ చేను ఎవడు కోసినట్టు?" అన్నాడు.

నాకైతే ఆ సినిమా కళ్లలోంచి పోలేదు. మర్నాడు సైటులో ఇటుకలందిస్తూ చూస్తే బహ్లా కొండలు అచ్చం ఆ సినిమాలోవే. అదే గోధుమరంగు, అదే దుమ్ము, ఎండలో వణికే అదే దూరం. ఆ కొండల సందుల్లోంచి నేను గుర్రమ్మీద నెమ్మదిగా దిగివస్తున్నట్టు, గాలి ఆగిపోయినట్టు, అందరూ పని ఆపి నావైపే చూస్తున్నట్టు కనిపించేది. (ఒకసారి నిజంగానే అందరూ పని ఆపి చూశారు. ఇటుకలు జారవిడిచాను.)

ఇలా తేలిపోతుండగానే పిడుగు పడింది. తోట ఉన్న చోట ట్రెయిలర్లు నిలపడానికి చదును చేయాలని క్యాంప్ బాస్ చెప్పాడు. మంచి మనిషే, మలయాళీ. పై నుంచి వచ్చిన మాటను కిందికి చెప్పడమే ఆయన పని. "కాకా, ఇదర్ పార్కింగ్ హోగా. జుమ్మా కే దిన్ సాఫ్ కర్నా హై," అన్నాడు తన కాళ్లకేసి చూస్తూ. కాక గొడవ పడలేదు. "కంపెనీ జాగ, కంపెనీ ఇష్టం," అన్నాడు. రూముకొచ్చి మంచమ్మీద కూర్చుని, "ఇగ నాతోని కాదు బిడ్డా. తోట వోయినంక ఈడ నాకేమున్నది? ఎగ్జిట్ కొట్టించుకోని ఇంటికి వోత," అన్నాడు.

నిజం చెప్పాలంటే తోట మీద నాకంత ప్రేమ లేదు. కాక లేకుండా ఆ క్యాంపులో ఒక్కపూట ఉండటం కూడా నా వల్ల కాదు, అంతే. నన్ను నిద్ర లేపేది ఆయనే, జ్వరమొస్తే నుదురు పట్టుకు చూసేది ఆయనే. ఆయన్ని పోనివ్వకూడదు. పోనివ్వకూడదంటే తోట దక్కాలి. తోట దక్కాలంటే నాకు తెలిసిన మార్గం ఒక్కటే, అది టీవీలో చూసింది.

గుర్రం దొరకలేదు. క్యాంపు గోడ అవతల ఖర్జూరపు తోటలో ఒక ముసలాయన గాడిద ఉండేది. బూడిదరంగుది, సగం నిద్రలో ఉన్నట్టుండే కళ్లు. వారమంతా రొట్టెముక్కలు పెట్టి దాన్ని మచ్చిక చేసుకున్నాను. శుక్రవారం నమాజు నుంచి వచ్చిన భాయ్ నిట్టూరుస్తూ జేసీబీ ఎక్కాడు. (కాక పుంటికూర లేనిదే ఆయన గోష్త్ వండేవాడు కాదు. ఆ నిట్టూర్పుకు వేరే అర్థం చెప్పక్కర్లేదు.) అదే సమయానికి నేను నెత్తిన పసుపు హెల్మెట్, మొహానికి దస్తీ, కాళ్లకు సేఫ్టీ షూలతో గాడిద మీద గోడమలుపు తిరిగాను. నా కాళ్లు దాదాపు నేలకు రాసుకుంటున్నాయి. ఖర్జూరపు మట్టల్లోంచి ఎండ చారలు చారలుగా పడుతోంది. ఆ కాసేపూ నేను కొండల్లోంచి దిగివస్తున్నాననే నమ్మాను. అంత హాయి మళ్లీ నా బతుకులో ఎరగను.

జేసీబీకి అడ్డంగా, తోట మధ్యలో గాడిదను నిలిపాను. స్థానికుడి గాడిద కాబట్టి భాయ్ ఠక్కున ఇంజిన్ ఆపేశాడు. రూముల్లోంచి అందరూ బయటికొచ్చారు. నేను కళ్లు సన్నం చేసి క్యాంప్ బాస్‌ను చూశాను. ఒక గొప్ప మాట అనాలని వారమంతా అనుకున్నాను గానీ అది నోటికి రాలేదు. ఆ నిశ్శబ్దంలో కరకరమని చప్పుడొకటి వినిపించింది. కిందికి చూస్తే నా వాహనం తలవంచుకుని పుంటికూర మేస్తోంది. కళ్లెం లేదు, లాగడానికి తాడు లేదు. చెవులు పట్టుకు లాగితే అటునుంచి తోటకూరలోకి తిరిగింది. నేను దిగి వెనక్కి నెట్టేసరికి మిరప మొక్కలు తొక్కి, బీరతీగను మొదలంటా లాగింది. జేసీబీకి పనే మిగల్లేదు.

అందరూ పగలబడి నవ్వుతున్నారు. నేను దస్తీ చాటున ఏడుస్తున్నాను. కాక మాత్రం నవ్వలేదు, కోప్పడలేదు. భుజం మీది తువ్వాల తీసి గాడిద మెడకు కట్టి, దాన్ని తీసుకెళ్లి కరెంటు స్తంభానికి కట్టేశాడు. బకెట్‌తో నీళ్లు పెట్టి, పక్కనే కూర్చున్నాడు.

"క్యా కర్‌రహే కాకా? ఛోడో! పోలీస్ ఆయేగా!" క్యాంప్ బాస్ మొహం పాలిపోయింది.

"చేను మేసిన పశువును కట్టేస్తరు సాబ్. ఆసామి వచ్చి మాట్లాడి ఇడిపించుకోవాలె. మా ఊర్ల గంతే," అన్నాడు కాక నిదానంగా. ఊళ్లో బందెలదొడ్డి కూలిపోయి ఏ కాలమైందో, ఆ రోజు ఒమాన్లో కరెంటు స్తంభం దగ్గర అది మళ్లీ లేచింది. అందరి నవ్వూ ఆగిపోయింది. పరాయి దేశంలో ఆ దేశపువాడి గాడిదను కట్టేసి కూర్చున్న మనిషికి ఏమవుతుందో మాలో ఎవరికీ తెలీదు. ఎగ్జిట్ కాదు, జైలే అనుకున్నాను.

ముసలాయన కర్ర పొడుచుకుంటూ వచ్చాడు. పాదాల దాకా తెల్లటి దిశ్‌దాషా అంగీ, తలకు చుట్టుకున్న మసర్. గాడిదను చూశాడు, మెడకున్న తువ్వాలను చూశాడు, తోటలో మిగిలిన మోళ్లను చూశాడు. "ఇది ఎవరి పంట?" అని అడిగాడు. భాయ్ కాకను చూపించాడు. నేనిక ఆగలేక హెల్మెట్ తీసి, దస్తీ మెడలోకి లాగి, "బాబా, నేనే తెచ్చిన, గాడిద తప్పు లేదు, కాక తప్పు లేదు," అని తెలుగులోనే మొత్తుకున్నాను. భాయ్ తనకు మాట్లాడ్డం వరకే వచ్చిన నాలుగు అరబ్బీ ముక్కల్లోకి తిప్పాడు. ముసలాయన నా మెడలో వేలాడుతున్న దస్తీని చూసి, ఏదో అన్నాడు.

"గాడిద ఆయనదంట. గాడిద నోరు భీ ఆయనదేనంట. అది తిన్నది ఆయన తిన్నట్టేనంట," అన్నాడు భాయ్. "వాళ్ల నాయన కాలంల ఈడ గూడ గిట్లనే కట్టేస్తుండిరంట. శానా ఏండ్లకు మళ్ల ఒక మనిషి న్యాయంగ కట్టేసిండు అంటున్నడు." (ఇందులో భాయ్ సొంతంగా కలిపిందెంతో నాకిప్పటికీ తెలీదు. కాకపోతే ముసలాయన కళ్లు కూడా అదే చెప్పాయి.)

ఆ పెద్దాయన కాక చేయి పట్టుకుని, చిన్నపిల్లల్లా చేతులూపుకుంటూ, గోడ అవతలి తోటలోకి తీసుకెళ్లాడు. వెనకాల మేం, మా వెనక గాడిద. అక్కడ ఖర్జూరపు చెట్ల నీడలో ఫలజ్, అంటే కొండల అడుగు నుంచి తవ్వి తెచ్చిన కాలువ, చల్లగా పారుతోంది. చెట్ల మధ్య ఖాళీగా ఉన్న నేలను కర్రతో గీసి చూపించి, నష్టం కింద ఇక్కడ తోట వేసుకో అన్నాడు. కాక వంగి పిడికెడు మట్టి తీసి నలిపి, వాసన చూశాడు. "మెత్తటి మన్నురా బిడ్డా," అన్నాడు. ఎగ్జిట్ మాట మళ్లీ ఎత్తలేదు.

ఆయన ఎంత స్థిరంగా ఉండిపోయాడంటే, సైటు అయిపోయి కంపెనీ మమ్మల్ని మస్కట్‌లోని ఘుబ్రాకు మార్చినప్పుడు రానన్నాడు. ముసలాయనే కంపెనీతో మాట్లాడి, తన తోటపనికి కాగితాలు మార్పించుకున్నాడు. నేను బస్సెక్కే రోజు వీడ్కోలు చెప్పడానికి తోటకు వెళితే కాక మోకాలి లోతు బురదలో ఉన్నాడు. "కాలువల నా వంతు నీళ్లొచ్చినయ్ బిడ్డా, బస్సు కాడికి రాను. పైలం," అని తడి చెయ్యి ఊపి, మళ్లీ ఒడ్డు తీయడంలో పడిపోయాడు. నేను ఎంతో అలిగాను. కాక నన్ను వదిలి పోకూడదని అంత తిరుగుబాటు చేసి గెలిస్తే, ఆ గెలుపే నన్ను ఒంటరిని చేసిందని బస్సు నిజ్వా ఊరు దాటాక అర్థమైంది. కిటికీకి మొహం ఆనించుకుని కాసేపు ఏడ్చాను. తరవాత ఆకలేసి, పొద్దున్నే కాక చేసిచ్చిన జొన్నరొట్టెలు విప్పుకున్నాను. ఆ కిటికీ పక్కన ముక్కు ఎగబీలుస్తూ రొట్టె నములుతున్న పిల్లాడు ఇప్పుడు కనిపిస్తే, పక్కన కూర్చుని జోకొట్టాలనిపిస్తుంది. వాడికేమీ చెప్పను. నవ్వొస్తుంది, అంతే.