గునుగుకూర ముందు నా క్యారెట్ చార్టు

1997 జూన్‌లో నన్ను శామీర్‌పేట వైపు అంగన్‌వాడీ సూపర్‌వైజర్‌గా వేశారు. అదేదో పెద్ద హోదా అనుకునేరు. కింద ఇరవై కేంద్రాల టీచర్లు, ఆయాలు. పైన ప్రాజెక్టు అధికారిణి. మధ్యలో ఒక చేత సంచి, ఒక చేత గొడుగుతో నేను. నెలనెలా పిల్లల్ని తూచి, ఆ బరువును రిజిస్టరులోని పటంలో చుక్కగా పెట్టించాలి. చుక్క కిందికి జారితే పిల్ల ఒకటో గ్రేడు నుంచి రెండుకి, మూడుకి దిగినట్టు. మూడో గ్రేడు అయితే నగరంలో ఆసుపత్రికి పంపించాలి.

హోమ్ సైన్స్ చదివానన్న గర్వం నాకు అప్పట్లో దండిగా ఉండేది. చేరిన వారంలోనే రంగు పెన్సిళ్లతో పోషకాహార చార్టు సొంతంగా గీశాను. ఆపిల్, టమాట, పాలగ్లాసు, క్యారెట్. అందులో క్యారెట్ ఎంత బాగా కుదిరిందంటే, కేంద్రానికి ఎవరొచ్చినా ముందు దాన్నే చూపించేదాన్ని.

అలియాబాద్ దాటి మూడు కిలోమీటర్లు లోపలికి నడిస్తే, చేపలు పట్టుకుని బతికేవాళ్ల వాడలో మా కేంద్రం ఒకటి ఉండేది. ఊరంతటికీ ఒక్క కిరాణా కొట్టు. అందులో ఉల్లిగడ్డ, ఆలుగడ్డ తప్ప కూరగాయ కనబడదు. తాజావి కావాలంటే వారానికోసారి అంగడికి పోవాలి. పోతే ఆ రోజు కూలి పోయినట్టే. ఇదంతా నాకు తెలుసు. తెలిసే ఆ కేంద్రం గోడకు చార్టు తగిలించి, ఆ తల్లులకు క్యారెట్ గొప్పతనం అరగంట చెప్పాను! తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

సత్తెమ్మ కలుపు కూలికి పోయే మనిషి. ఆమె రెండేళ్ల కూతురు మల్లేశ్వరి ఒకటో గ్రేడులో ఉంది. జులైలో వాళ్లింటికి వెళ్లి, పొయ్యి మీది గిన్నె మూత తీశాను. జొన్నరవ్వతో కాచిన గటకలో ఏవో ఆకులు, పైన ఎండు చేపల పొడి. పిల్లకు ఈ గడ్డీ గాదం పెడతారా, ఇకనైనా మంచి తిండి పెట్టమని చెప్పి, బాధ్యత తీరినట్టు వచ్చేశాను.

సెప్టెంబరు తూకంలో మల్లేశ్వరి ముప్పావు కిలో తగ్గి, రెండో గ్రేడుకి దిగింది. దూలానికి వేలాడే తూకం సంచిలో కూర్చోబెడితే ఇల్లెగిరిపోయేలా ఏడ్చే పిల్ల, ఆ రోజు నోరు మెదపలేదు. ఇంకొంచెం జారితే మూడో గ్రేడే.

ఏం పెడుతున్నావని సత్తెమ్మను అడిగాను. ఆమె సంబరంగా చెప్పింది: "మీరు జెప్పినట్టే జేస్తున్న మేడం. గా ఆకులు, ఎండు శాపలు అన్నీ బంద్ జేసిన. పొద్దుమాపు చాయ్‌ల బిస్కెట్లే."

కొట్లో దొరికేవాటిలో ఆమెకు మంచి తిండిగా తోచింది అదే. గడపలో కూర్చున్న ఆమె అత్త పోశవ్వ అందుకుంది.

"బిడ్డా, ఓ మాట అంట, కోపం జేసుకోకు. నువ్వు గోడకు పెట్టిన పండ్లు పొల్లకు రోజు సూపిస్తనే ఉన్నం. సూస్తె కడుపు నిండుతదా?"

చుట్టూ ఉన్న ఆడవాళ్లు కొంగులు అడ్డం పెట్టుకుని నవ్వారు. తప్పు నాదేనని, మానేసినవన్నీ మళ్లీ పెట్టమని అందరి ముందూ చెప్పాను. పోశవ్వ నన్ను చేలోకి తీసుకెళ్లింది. కలుపు తీసేటప్పుడు పీకి పారేసే మొక్కల్లోంచి గునుగు, దొగ్గలి ఆకులు ఒడినిండా ఏరింది. పైసా ఖర్చు లేని ఆకుకూర. ఎండు పరకలేమో అమ్ముడుపోని వేలెడంత చేపలు. ముల్లుతో సహా దంచేస్తారు. మా పాఠ్యపుస్తకాల్లోని ఇనుము, కాల్షియం, మాంసకృత్తులు ఆ గిన్నెలోనే ఉన్నాయి. నేనే తీసి పారబోయించాను.

వచ్చే వారం అధికారిణి తనిఖీ. నిబంధన ప్రకారం ఆమె ముందు వంట చేసి చూపాలి. అవే ఆకులు వండుదామంటే పోశవ్వ గొంతు తగ్గించింది. "పెద్ద మేడం ముంగట గడ్డి వండాల్నా? ఇజ్జత్ పోతది బిడ్డా. ఎవరన్న అస్తే మేం గిన్నెల్ దాస్తం."

వాళ్లకు ఆ తిండి మంచిదని తెలియక కాదు, పేదరికం బయటపడుతుందని దాచుకుంటారు. పోయే ఇజ్జత్ ఏమైనా ఉంటే నాది పోనీ అన్నాను. తనిఖీ రోజు నేనే వడ్డించాను. అధికారిణి మొదటి ముద్ద అనుమానంగా, రెండోది తీరిగ్గా తిని, ఇంకాస్త పెట్టమని ప్లేటు చాపింది. వెళ్తూ వెళ్తూ డ్రైవరు చేత ఆకులు ఏరించి జీపులో వేయించుకుంది. పోశవ్వ ఆ వారమంతా గర్వంతో వాడలో ఎవరికీ అందలేదు!

నవంబరు తూకంలో మల్లేశ్వరి చుక్క ఒకటో గ్రేడులోకి తిరిగి ఎక్కింది. ఆ చుక్క టీచరును పెట్టనివ్వలేదు, నేనే పెట్టుకున్నాను.

రిటైరయ్యేదాకా ఏ ఇంటికి వెళ్లినా మొదట అడిగింది ఒకటే: నిన్న ఏం వండారు? అది పూర్తిగా విన్నాక, చాలా ఇళ్లలో నేను చెప్పాల్సింది ఏమీ మిగిలేది కాదు.