అత్త కుండీ, నా కప్ప

సత్తువాచారిలో ఒక ఇంట్లో టైల్స్ పరుస్తుంటే మా ఊరు గుడియాత్తం నుంచి ఫోన్ వచ్చింది, పక్కింటి అత్త పోయిందని. నేను నమ్మలేదు. ఊరందరినీ ఆటపట్టించినవాణ్ణి, నా పాఠం నాకే అప్పజెబుతున్నారనుకుని "ఇంకోటి చెప్పరా" అని నవ్వాను. అవతల ఏడుపు విన్నాకే తాపీ కింద పెట్టాను.

వరసకు అత్త కాదు, గోడకు అత్త. మా రెండిళ్లకు ఒకటే గోడ. ఇటుకలు మోసి మోసి మెడ బిగుసుకుపోయి, ఎవరినైనా చూడాలంటే ఒళ్లంతా తిప్పి చూసేది.

ఆమెకున్న తోటంతా గోడమీద ఒక కుండీ, అందులో ఒక దుంప. ఏడాదికొక్కసారి, ఎండాకాలం చివరి జల్లుకు ఆడుకునే బంతిలా గుండ్రంగా, ఎర్రటి పువ్వు పూసేది. తర్వాత కొన్నాళ్లు ఆకులు, ఆపైన ఉత్త మట్టి.

"మట్టికి కాపలా కాస్తా ఉండావే అత్తా, జీతమెంత?"

"ముందు నీ నోటికి కాపలా పెట్టుకో నాయనా."

ఒకసారి కేరళ కొండల్లో పునాది తవ్వుతుంటే చేతికి చల్లగా, గుండ్రంగా ఏదో తగిలింది. కప్ప! వంకాయకు కాళ్లు మొలిచి, పంది ముక్కు అతికించినట్టుంది. ఏడాదంతా మట్టిలోనే ఉండి తొలకరికి కొద్దిరోజులే పైకొస్తుందట. తమకే కనబడడం అరుదని అక్కడి ముసలాయన చెప్పి, దాన్ని మళ్లీ మట్టిలో పెట్టించాడు. ఊరికొచ్చి చెబితే టీకొట్టంతా నవ్వింది. నా పెళ్లామూ నవ్వింది. అత్త ఒక్కతే ఒళ్లంతా నావైపు తిప్పింది.

"అబద్ధమైతే ఇంకా అందంగా చెప్పుంటావు అబ్బీ. ఇంత వికారంగా ఉండాదంటే నిజమే." మళ్లీ తనే, "మా పువ్వు మాదిరే గదా. రెండూ వాన పిలిస్తేనే లేచేది" అంది.

"నా కప్ప పాడతాది. నీ పువ్వు మూగది."

"నీ కప్ప నీ మాదిరే. మనిషి కనపడితే మట్టిలో దూరతాది. నా పువ్వు నిలబడతాది."

ఆ వాదం ఏళ్లయినా తెగలేదు.

కర్మ అయిన మర్నాడు ఆమె కొడుకు ఇల్లు ఖాళీ చేస్తూ ఆ కుండీని బోర్లించబోయాడు.

"ఆగప్పా, దాంట్లో పువ్వుండాది."

వాడు కళ్లు తుడుచుకుంటూనే నవ్వాడు. "ఈ పొద్దు కూడానా బావా?"

నా మాట నమ్మే ఒక్క మనిషీ పోయింది, ఇక ఎవరిని సాక్ష్యం పిలవను? "సరే, ఆ మట్టే నాకీయప్పా" అని అడుక్కున్నాను.

ఇప్పుడది గోడకు నావైపున ఉంది. వాన ఇంకా రాలేదు. ఏం పెంచుతున్నావని అడిగినవాళ్లకు నిజమే చెబుతున్నాను, నవ్వి పోతున్నారు. నిన్న సాయంత్రం నాకే అనుమానం వచ్చి వేలు గుచ్చి చూశాను.

చల్లగా, గుండ్రంగా తగిలింది. మెల్లగా మట్టి కప్పేశాను.