చేతికి చుట్టిన దారం

సముద్రంలో చేపలు పట్టాలన్న పిచ్చి మాకు మహదేవపూర్ దగ్గర గోదావరి ఒడ్డున పట్టింది. జనగామలో నాకు మోటార్ల వైండింగ్ షాపు ఉంది. ఆదివారం వస్తే షట్టర్ దించి, గాలం పట్టుకుని ఏదో ఒక చెరువుకు పోతాను. బాలు నాయక్ మహబూబాబాద్ దగ్గరి తండావాడు, బడిలో లెక్కల సారు, నాకంటే ఎనిమిదేళ్ళు చిన్న. నర్మెట్ట చెరువు దగ్గర పరిచయమయ్యాడు, అప్పటినుంచీ ఇద్దరం జోడీ. పోయిన వానలు తగ్గాక భూపాలపల్లి మీదుగా మహదేవపూర్ పోయి, రోజంతా కూర్చుని నాలుగు జెల్లలు పట్టాం. పక్కనే వల సర్దుకుంటున్న పెద్దమనిషి మా సంచిలోకి తొంగి చూశాడు.

"గివేనా? గీ నీళ్లన్ని పొయ్యి సముద్రంల కలుస్తయి. గాడికి పోయి పట్టుండ్రి, చూస్త" అన్నాడు.

ఆయన ఆట పట్టించాడంతే. బాలు మాత్రం నిజంగానే తీసుకున్నాడు. "అన్నా, ఒక్క సముద్రపు చేప. నా చేతులతోని పట్టి ఫోటో దిగాలె. మా బడి పిల్లలకు చూపియ్యాలె" అని మూడు నెలలు నన్ను నిలబడనివ్వలేదు, కూర్చోనివ్వలేదు.

జనవరి చివరి శుక్రవారం సాయంత్రం ఆరున్నరకు జనగామలో విశాఖ బండి ఎక్కాను. స్లీపర్ టికెట్ నాలుగు వందల లోపే. ఎనిమిదిన్నరకు మహబూబాబాద్‌లో బాలు ఎక్కాడు. ఒక సంచిలో జొన్నరొట్టెలు, మిరపకాయ తొక్కు. ఇంకో సంచిలో పసుపు, సోంపు కలిపిన కిలో మక్కపిండి. చెరువులో మా ఎర అదే. ఎదుటి బెర్తులోని అనకాపల్లి పెద్దాయన సంగతంతా విని, "సముద్రంలో ఆ పిండి ఎందుకండీ, ఒడ్డున బజ్జీలేసుకోండి" అన్నాడు. బోగీలో సగం మంది నవ్వారు, మేమూ నవ్వాం.

పొద్దున ఆరూ పావుకు విశాఖ. అక్కడినుంచి బస్సులో భీమిలి గంటంబావు. లాడ్జిలో గది ఎనిమిది వందలు. వేడినీళ్ళుంటాయన్నారు, లేవు. ముందే ఫోన్లో మాట్లాడుకున్న పడవ యజమాని అప్పన్న సాయంత్రం ఒడ్డున కలిశాడు. యాభై దాటిన మనిషి, ఎండలో మాడిన భుజాలు. డీజిల్‌తో కలిపి పదివేలకు ఒప్పుకున్నాడు. రాడ్డు కావాలా చేతిగాలమా అని అడిగాడు. నేను రాడ్డు అన్నాను.

"నాకు చేతిగాలమే. చేప సంగతి చేతికే ఎర్కైతది" అన్నాడు బాలు.

అప్పన్న అతన్ని ఎగాదిగా చూశాడు. "సరే బాబూ. ఒకటే మాట. దారం సేతికి సుట్టకండి. లాగితే ఒగ్గేయండి. సేప పోతే ఇంకోటొస్తాది."

తలూపాం. ఆయన యాస విని మేము ముసిముసిగా నవ్వుకున్నాం, మా యాస విని ఆయనా నవ్వుకున్నట్టున్నాడు. సినిమాల్లో నవ్వులాటకు వాడుకున్నది మా ఇద్దరి యాసలనే. ఆ సంగతి టీ తాగుతూ మాట్లాడుకున్నాక చుట్టాల్లా కలిసిపోయాం.

ఆదివారం ఐదింటికి బయల్దేరాం. అప్పన్న ముందు, ఆయన తమ్ముడు ఇంజిన్ దగ్గర, మధ్యలో లైఫ్ జాకెట్లు తొడుక్కుని మేము. మొదటి అలకే నా కడుపు గొంతులోకొచ్చింది. రెండో అలకు రాత్రి తిన్నదంతా సముద్రానికి సమర్పించాను. అప్పన్న నిమ్మచెక్క ఇచ్చి, దూరంగా ఒకే చోట చూడమన్నాడు. గంటకు కుదుటపడ్డాను. కళ్ళెత్తి చూస్తే ఒడ్డు లేదు. నీళ్ళు ఆకుపచ్చ దాటి సిరానీలమయ్యాయి. అప్పుడే సూర్యుడు లేచాడు. ఇంత నీళ్ళు ఉంటాయని పుస్తకంలో చదవడం వేరు, దాని మీద కూర్చోవడం వేరు.

ఏడున్నరకు నా రాడ్డు వంగింది. రీలు కీచుమంటూ తిరిగింది. పది నిమిషాలు కొట్లాడి ఒక సూర చేపను పైకి లాగాను. నాలుగు కిలోలుంటుంది, అద్దంలా మెరుస్తోంది. నలభై ఆరేళ్ళ మనిషిని, గంతేశాను. పడవ ఊగితే అప్పన్న కసిరాడు. బాలు ఫోటో తీశాడు గానీ, మొహంలో ఆశ దాచుకోలేకపోయాడు.

తొమ్మిదిన్నరకు వాడి దారం కదిలింది. ఏళ్ళ తరబడి చెరువు గట్టున కూర్చున్న చెయ్యి కదా, ఎవరు చెప్పినా వినలేదు. కదలిక తెలియగానే తంగూసు దారాన్ని అరచేతికి రెండు చుట్లు తిప్పింది. మేమందరం అట్లాగే చేస్తాం. చెరువులోని రవ్వ, బొచ్చె చేపలకు అది పట్టు. నేను చూశాను, అయినా నాకూ తప్పనిపించలేదు.

దూరంగా నీళ్ళు చీల్చుకుని ఒక పొడుగాటి నీలం చేప గాల్లోకి లేచింది, ముక్కు బల్లెంలా ఉంది. "కొమ్ముకోనాం. ఒగ్గీ, ఒగ్గీ బాబూ" అని అప్పన్న అరిచాడు. వదలడానికి వీల్లేదు. దారం చేతిలోకి దిగిపోయింది. బాలు ఒక్క కుదుపుకు పడవ అంచుకు గుద్దుకున్నాడు. నొప్పికి వాళ్ళింటి మాట వచ్చింది. "యాడీ" అని అమ్మను పిలిచాడు. నేను ఎర కోసే కత్తి అందుకున్నాను.

నన్ను చూసి వాడు అన్న మాట: "కొయ్యకన్నా. అది నా చేప."

నేను కోశాను.

దారం టప్పుమంది. బాలు వెనక్కి పడ్డాడు. చేప ఇంకోసారి లేచి, మాకు కనబడి, మునిగిపోయింది. అరచేతినుంచి రక్తం కారుతోంది. అప్పన్న తలగుడ్డ విప్పి కట్టి, పడవ ఒడ్డుకు తిప్పించాడు. భీమిలి దవాఖానలో ఆరు కుట్లు పడ్డాయి. "ఇంకో నిమిషం ఆగితే రెండు వేళ్ళు పోయేవి, మనిషి కూడా పోయేవాడేమో" అంది డాక్టరమ్మ. బాలు విన్నాడు, నావైపు చూడలేదు.

మీలో ఎవరైనా వెళ్తే చలికాలంలో వెళ్ళండి. సముద్రం మెత్తగా ఉంటుంది. జాకెట్ విప్పకండి, జేబులో నిమ్మకాయ పెట్టుకోండి, చేతులకు గట్టి తొడుగులు వేసుకోండి. చెరువులో నేర్చిన విద్య ఒడ్డునే వదిలేయండి.

సోమవారం ఉదయం ఐదింటి బండికి తిరుగు ప్రయాణం. టీ తెస్తే తాగాడు, ఇడ్లీ తెస్తే తిన్నాడు, మాట మాత్రం లేదు. చేప పోతే ఇంకోటి వస్తుంది, ఇలాంటి తమ్ముడు పోతే ఎక్కడ తెచ్చుకోను? నాకు ఏడుపొచ్చినంత పనైంది. ఖమ్మంలో ఒక అవ్వ ఎక్కి ఎదురుగా కూర్చుని, కట్టు వంక చూసింది.

"చేతికేమైంది బిడ్డా? మిషిన్ల పడ్డదా?"

నేను నోరు తెరిచేలోపే బాలు అన్నాడు, "లేదవ్వా. సముద్రంల చేపను పట్టవోతె, అదే నన్ను పట్టింది. మా అన్న దారం కోసి ఇడిపిచ్చిండు."

"మరి చేప?"

"అది పోయింది. నేను మిగిలిన."

"మంచిగైంది. అయినా మా దిక్కు సంతల చేపలు దొర్కయా, గంత దూరం పోయిండ్రు?" అంది అవ్వ.

బాలు పగలబడి నవ్వాడు. ఆ నవ్వు వినేసరికి నా గుండె మీది బరువు దిగింది. అక్కడినుంచి మహబూబాబాద్ దాకా ఆ చేప ఎట్లా లేచిందో, ఎంత నీలంగా ఉందో ఇద్దరం అవ్వకు పోటీపడి చెప్పాం.

రెండు గంటలకు వాడు దిగాడు. భార్య స్టేషనుకు వచ్చింది. బండి కదులుతుంటే కిటికీలోంచి చూశాను. ఆమె కట్టు చూసి కోప్పడుతోంది, వాడేమో రెండు చేతులూ బారచాపి చేప ఎంతుందో చూపిస్తున్నాడు. గాలం వేసేవాళ్ళు చేపను సాగదీసి చెబుతారంటారు. నిజానికి ఆ చేప ఇంకా పెద్దది. నేను మాత్రం కట్టులోంచి బయటికున్న వేళ్ళ కొసలనే చూశాను. ఐదూ ఉన్నాయి.