సినిమావాళ్లు వదిలేసిన అన్నం

మా అత్తమ్మ పోయింది. మొన్న మంగళవారం పొద్దున, దవాఖానలో. నేను చాయ్ తెద్దామని కిందికి దిగి, మళ్లీ పైకి వచ్చేసరికి మంచం పక్కన మా ఆయన నిలబడి ఉన్నాడు. "అమ్మ పోయింది" అన్నాడు. చేతిలో ఉన్న చాయ్ ఎక్కడ పెట్టాలో తోచక అలాగే పట్టుకుని నిలబడ్డాను.

అందరికీ ఫోన్లు చేసి చెప్పే పని నా మీద పడింది. ఏమైంది, ఎట్లయింది అని అడిగినవాళ్లు తక్కువ. తొగుటలో ఉండే ఆమె చిన్ననాటి దోస్తు "అయ్యో, పోలీసు కోడికూర పెట్టిన చెయ్యి గదనే" అని ఏడ్చింది. మా గల్లీ చివర ఉండే టైలరన్న "మొగుడలిగిన వంకాయ ఇగ ఎవరు వండుతరు వదినా" అన్నాడు. ఇవేం కూరలని మీరు అడుగుతారని తెలుసు. అది చెప్పడానికే కూర్చున్నాను.

మా అత్తమ్మకు సినిమా అంటే ప్రాణం. పేర్లు మాత్రం ఒక్కటీ గుర్తుండేవి కావు. హీరో ఎవరంటే "గా పొడుగు పిలగాడు" అనేది. కథ అడిగితే రెండు ముక్కల్లో తేల్చేసేది. కానీ ఆ సినిమాలో ఎవరు ఎక్కడ కూర్చుని ఏం తిన్నారో అడిగితే, నీళ్ల చెంబు ఏ పక్కన పెట్టారో కూడా చెప్పేది. ఎవరూ ఏమీ తినని సినిమా అయితే హాలు మెట్లు దిగుతూనే తిట్లు మొదలు. "రెండున్నర గంటలాయె. ఒక్కడన్న నోట్లె మెతుకు వెట్టిండా? గిదేం సిన్మనే, గాలి మేసి బతుకుతరా వీళ్లు?"

మన సినిమాల్లో తిన్నా తిన్నట్టు ఉండదు, మీరూ చూసే ఉంటారు. ముద్ద నోటిదాకా తెస్తాడు, అంతలో ఫోను మోగుతుంది. లేదంటే తండ్రి ఒక మాట అంటాడు. చెయ్యి విదిలించి లేచిపోతాడు. మనమంతా ఆ తర్వాత జరగబోయే కొట్లాట కోసం చూస్తాం. మా అత్తమ్మ మాత్రం పళ్లెం కోసం చూసేది. "అయ్యో, తినకుంటనే లేశిండు!" అని హాల్లోనే గట్టిగా అనేది. ముందు వరుసవాళ్లు వెనక్కి తిరిగేవాళ్లు. నేను నా మొహం కొంగుతో కప్పుకునేదాన్ని.

తెల్లారి ఆ కూర మా ఇంట్లో ఉండేది. అదీ ఆమె పద్ధతి. సినిమాలో ఎవరు ఏ అన్నం సగంలో వదిలి లేచారో, అదే వండి మా అందరి ముందు పెట్టేది. మెతుకు మిగలనిచ్చేది కాదు. "ఆయన తినలే పాపం. మీరన్న తినున్రి" అనేది. ఒక సినిమాలో ఇన్‌స్పెక్టరు ఇంటికొచ్చి కోడికూర ముందు కూర్చున్నాడో లేదో, జీపొచ్చింది, వెళ్లిపోయాడు. అది పోలీసు కోడికూర. ఇంకోదాంట్లో పెళ్లి ఆగిపోయి బంతిలో కూర్చున్నవాళ్లంతా లేచిపోయారు. అది పెండ్లాగిన పప్పు. ఆ పప్పు మా ఇంట్లో ఎన్నిసార్లు తిన్నామో, ఆ పిల్లకు మేమే దగ్గరుండి పెళ్లి చేసినట్టు ఉండేది.

చింతమడక నుంచి కోడలిగా వచ్చిన కొత్తలో, ఈ ఇంట్లో అందరికీ కొంచెం తిక్క అనుకున్నాను. పళ్లెంలో ఉన్నది ఏం కూరో సినిమావాడు సరిగా చూపించడు కదా, నీకెట్లా తెలుస్తుందని అడిగితే నన్ను అమాయకురాలిని చూసినట్టు చూసింది. "వేళ్లకు అంటుకునే తీరు సూడాలె బిడ్డా. పప్పైతే జారుతది. పుంటికూరైతే పట్టుకుంటది." పుంటికూరంటే గోంగూర. అప్పటికీ ఆమెకు అనుమానం తీరకపోతే ఆ ఒక్క సీను కోసం మళ్లీ టికెట్టు కొనేది.

ఆమె లెక్క తప్పింది ఒక్కసారే. పాత నలుపు తెలుపు సినిమా ఒకదాంట్లో మొగుడు అలిగి కూర ముట్టకుండా లేచిపోతాడు. కూర నల్లగా ఉందని అత్తమ్మ దాన్ని వంకాయ అని ఖాయం చేసింది. ఏళ్ల తరబడి మేము మొగుడలిగిన వంకాయ తిన్నాం. ఒకరోజు అదే సినిమాకు ఎవరో రంగులేసి టీవీలో వేశారు. చూస్తే ఎర్రటి టమాట కూర! ఇంటిల్లిపాదీ పడీ పడీ నవ్వాం. ఆమె కించిత్తు కూడా తడబడలేదు. "రంగులేసినోనికేం ఎరుక? ఆడు పోయి రుచి సూశిండా ఏంది?" అంది. మర్నాడు మళ్లీ వంకాయే వండింది.

ఈ పిచ్చి ఎక్కడ నుంచి వచ్చిందో మా ఆయన చెప్పాడు. మా మామకు పాత బస్టాండు దగ్గర సైకిళ్ల దుకాణం ఉండేది. ఒకరోజు అన్నం తింటుంటే దుకాణం నుంచి కబురొచ్చింది. "ఇప్పుడే వస్త, పళ్లెం తియ్యకు" అని లేచి పోయాడు. దుకాణంలోనే గుండె ఆగిపోయింది. ఆయనతో కలిసి మ్యాట్నీలు చూసిన మనిషి, ఆ తర్వాత ఒక్కతే చూడటం మొదలుపెట్టింది. ఈ వంటలు కూడా అప్పుడే మొదలయ్యాయి. నేనొకసారి ధైర్యం చేసి, మామ కోసమేనా అత్తమ్మా ఇదంతా అని అడిగాను. "గట్లేం లేదు. అన్నం ఇడిసిపెడితే పాపం గాదా" అని అటు తిరిగి కూరగాయలు తరుక్కుంది. నేను నమ్మలేదు.

మా ఇంట్లో అన్నం ముందు కూర్చుని కొట్లాడుకోకూడదు. కొట్లాట వస్తే రానీ, పళ్లెం ఖాళీ అయ్యేదాకా లేవకూడదు. పెళ్లయిన మొదటి ఏడాది మా ఆయన ఏదో అన్నాడని నేను ముద్ద వదిలి లేవబోతే, వెనక నుంచి వచ్చి భుజం మీద చెయ్యి వేసి కూర్చోబెట్టింది. "తిను బిడ్డా. తిన్నంక ఆనితోని కొట్లాడుదువు. నేను గూడ వస్త." నిజంగానే వచ్చింది. ఇద్దరం కలిసి ఆయన్ని వాయించాం. ఆ రోజు నుంచే ఆమె నాకు అత్త కాదు, నా పక్షం మనిషి.

అలాంటి ఇంట్లోనే జరిగింది ఇది.

నా మరిది చేర్యాల అమ్మాయిని చేసుకున్నాడు. వాళ్లది బట్ట మీద కథల బొమ్మలు వేసే నకాశివాళ్ల ఇల్లు. ఆ రంగుల మీద మనసుపడి పని నేర్చుకుని అక్కడే అత్తగారింట్లో ఇల్లటం ఉండిపోయాడు. రెండేళ్ల కింద అత్తమ్మ ఒక అన్నదమ్ముల సినిమా చూసింది. తల్లి ఇద్దరికీ వడ్డిస్తుంది, తమ్ముడు ముద్ద కలుపుతాడు, అన్న ఒక మాట అంటాడు, తమ్ముడు లేచిపోతాడు, ఇల్లు రెండు ముక్కలవుతుంది. అత్తమ్మ హాల్లో వెక్కి వెక్కి ఏడ్చింది. ఇంటికి రాగానే మరిదికి ఫోను చేసింది. "ఐతారం నాడు రా. పుంటికూర మాంసం వండుతున్న. గా అన్నదమ్ములు తినలే, మీరిద్దరు కూసోని తినాలె."

వచ్చాడు. ఇద్దరూ పక్కపక్కనే కూర్చున్నారు. బాగానే తింటున్నారు. మా ఆయనను నేను వెనకేసుకురాను, ఆయన నోరు మంచిది కాదు. నవ్వుతూ "తిను తిను. ఇల్లటం ఉన్నోనికి గింత కూర ఎవడు వెడ్తడు" అన్నాడు. మరిది చెయ్యి ఆగింది. "అన్నా, గా మాట ఇంకోసారి అను" అన్నాడు. ఈయన నవ్వు ఆపకుండా ఇంకోసారి అన్నాడు. మరిది లేచాడు. వంటింటి గుమ్మంలో గరిటె పట్టుకుని నిలబడిన అత్తమ్మ "చెయ్యన్న కడుక్కో బిడ్డా" అంది, అంతే. కూర చేతితోనే బండి తీసుకుని వెళ్లిపోయాడు.

"నవ్వులాటకు అన్న. దానికి గంత రోషమా? ఆడే వస్తడు తియ్యి" అన్నాడు మా ఆయన. మరిది వచ్చేవాడు, తల్లిని చూడటానికి. నీళ్లు తాగేవాడు. అన్నం అంటే "తినే వచ్చిన వదినా" అనేవాడు. ఈయన ఇంట్లో ఉంటే ఆ నీళ్లు కూడా ముట్టేవాడు కాదు. అత్తమ్మ సినిమా కూరలు ఆపేసింది. ఎందుకని అడిగితే "నా ఇంట్లనే లేశిపోయిన్రు. ఇగ బయటోళ్లయి నేనేం తీరుస్త" అంది.

నాకు తోచిన ఉపాయం నేనూ చెప్పాను. ఇద్దరినీ పిలిచి గట్టిగా ఏడు అత్తమ్మా, సినిమాల్లో తల్లి ఏడిస్తే కొడుకులు కరిగిపోతారు కదా అన్నాను. "కరుగుతరు. అలాయ్ బలాయ్ తీసుకుంటరు. గని అన్నం తింటరా? ఎప్పుడన్న సూశ్నవా? గాడికే సిన్మ అయిపోతది" అంది. నిజమే, నేనెప్పుడూ చూడలేదు.

ఈ ఏడు ఎండాకాలంలో ఆమె గుండె బలహీనపడింది. మొదటిసారి దవాఖానలో పెట్టినప్పుడు, ఉప్పు తినొద్దని చెప్పి ఇంటికి పంపారు. మరిది రోజూ సాయంత్రం చేర్యాల నుంచి వచ్చి మంచం పక్కన కూర్చునేవాడు. మరిది వెళ్లేదాకా మా ఆయన, ఇప్పుడు తనే నడుపుతున్న ఆ సైకిళ్ల దుకాణం కట్టేసి ఇంటికి వచ్చేవాడు కాదు. ఇద్దరూ తల్లి కోసం ప్రాణం పెడతారు, ఒకరి మొహం ఒకరు చూడరు. ఎంత కోపం వచ్చేదో నాకు! ఒక మధ్యాహ్నం కాళ్లు ఒత్తుతుంటే అత్తమ్మ అంది: "సావంటె నాకు బుగులు లేదు బిడ్డా. వాళ్లు గట్ల లేశినోళ్లు లేశినట్టే ఉంటరేమోనని బుగులు." నాకు ఏడుపొచ్చింది.

కాసేపటికి తనే అడిగింది. "గా అన్నదమ్ముల సిన్మ మన టీవీల దొరుకుతదా?" వెతికాను, దొరికింది. "అయితే ఐతారం పుంటికూర తెంపియ్యి. మాంసం చెప్పు. ఇద్దరినీ పిలువు. అమ్మ సిన్మ సూస్తదట, పక్కన కూసోవాల్నట అను." ఆ స్థితిలో ఉన్న తల్లి అడిగితే ఎవరు కాదంటారు? వచ్చారు. ఒకరు మంచం ఈ కోసన, ఒకరు ఆ కోసన నేల మీద కూర్చున్నారు. కూర నేనే వండాను, ఆమె మంచం మీద నుంచి చెబుతుంటే. పళ్లాలు మాత్రం తను చెప్పేదాకా తేవద్దంది.

సినిమా నడుస్తోంది. ఆ సీను వస్తోందని నాకు తెలుసు, మా ఆయనకూ తెలుసు, తల తిప్పుకుని కిటికీ వైపు చూస్తున్నాడు. తెర మీద తల్లి వడ్డించింది. తమ్ముడు ముద్ద కలిపాడు. అన్న ఇంకా నోరు తెరవలేదు. అత్తమ్మ చెయ్యెత్తింది.

"ఆపు బిడ్డా. గాడనే ఆపు."

రిమోటు నొక్కాను. తెర మీద అన్నదమ్ములిద్దరూ అన్నం ముందు అలాగే ఆగిపోయారు.

"ఇగ వాళ్లు లేవరు. పళ్లాలు తే" అంది.

తెచ్చి ఇద్దరి ముందూ పెట్టాను. ఎవరూ కదల్లేదు. అత్తమ్మ ఏడవలేదు, బతిమాలలేదు. "వాళ్లు మీ కోసం ఆగిన్రు. సల్లారుతది" అంది.

మా ఆయన పళ్లెం పట్టుకుని జరిగి జరిగి తమ్ముడి పక్కకు వచ్చాడు. తన పళ్లెంలోని నల్లిబొక్క తీసి వాడి అన్నంలో పెట్టాడు. "తిను తమ్మీ" అన్నాడు. "నా నోట్ల మన్ను వడ. తిను."

మరిది చాలాసేపు ఆ బొక్క వైపే చూశాడు. తర్వాత ముద్ద కలిపి నోట్లో పెట్టుకున్నాడు. నమిలాడు. కళ్లు తుడుచుకుని నా వైపు తిరిగాడు.

"ఉప్పెయ్యలేదా వదినా?"

నెల రోజులుగా ఉప్పు లేని వంటే చేస్తున్న చెయ్యి, మరిచిపోయాను. ఉప్పు డబ్బా కోసం లేచి పరుగెత్తితే, వెనక అన్నదమ్ములిద్దరూ నవ్వడం వినిపించింది. ఆ నవ్వు కోసం నేను జన్మంతా ఉప్పు మరిచిపోతాను.

రెండోసారి, మూడోసారి వడ్డించాను. తింటూ ఏవేవో మాట్లాడుకున్నారు, చిన్నప్పుడు దుకాణంలో కిరాయి సైకిలు ఎవరు గోడకు గుద్దారో దాని మీద పెద్ద వాదన. ఆపి చాలాసేపైనందుకు టీవీ దానంతటదే ఆరిపోయి తెర నల్లబడింది. మళ్లీ వేద్దామని నేను రిమోటు అందుకోబోయాను.

"వద్దు బిడ్డా" అంది అత్తమ్మ మెల్లగా. "వాళ్లు తిని పండుకున్నరు."

ఆమె టీవీ వైపు చూడటం లేదు. దిండు మీద చెంప ఆనించి కింద కూర్చున్న కొడుకులను చూస్తోంది. పళ్లాలు ఎప్పుడో ఖాళీ అయ్యాయి. వేళ్లకు అంటిన కూర ఎండిపోయింది. సైకిలు గుద్దింది నువ్వంటే నువ్వని ఇద్దరూ ఇంకా వాదించుకుంటూనే ఉన్నారు, చెయ్యి కడుక్కోవడానికి ఒక్కరూ లేవడం లేదు.