అత్త గొంతు మీద వేసిన నింద

ఇంట్లో పెద్ద కంప్యూటర్ ముందు రికార్డు చేసే పాటకు ప్రాణం ఉండదని నలభై ఏడేళ్ల వయసులో నాకు జ్ఞానోదయమైంది. ల్యాప్‌టాప్, కొత్త మైకు, స్టాండు సంచిలో సర్దుకుని ఆలేరు దగ్గర మా మేనత్త ఇంటికి వెళ్లాను. చుట్టుపక్కల ఏ పెళ్లయినా నలుగు పెట్టేటప్పుడు పాట ఎత్తుకునేది ఆమే.

నా కళాసేవకు అడ్డు రాకూడదని మామ చేత గొర్రెల మందను గుట్ట అవతలికి తోలించాను. అత్త గాజులు చప్పుడు చేయకుండా గుడ్డ చుట్టించాను. పొద్దంతా పాడించాను. ఇంటికొచ్చి వింటే ల్యాప్‌టాప్ ఫ్యాన్ హోరు, దాని వెనక ఎక్కడో అత్త. ల్యాప్‌టాప్ తన సొంత మైకుతోనే రికార్డు చేసుకుంది. నేను సెట్టింగు మార్చడం మరిచాను. ఖరీదైన మైకు ఆమె నోటి ముందు అలంకారంగా నిలబడింది.

తన పాటలు ఏవి అని అత్త ఫోన్ చేసింది. నా పరువు కాపాడుకోవాలి కదా, "నీ గొంతు పోయిందత్తా, మిషన్ల సక్కగ పడలే" అన్నాను.

మరుసటి ఏడాది మా చుట్టాల పెళ్లిలో ఆడవాళ్లు పాట ఎత్తమంటే అత్త తల అడ్డంగా ఊపింది. "నా గొంతు పోయిందట. సదువుకున్న అల్లుడు మిషన్ల సూసి చెప్పిండు."

అక్కడే ఉన్న నేను అందరి ముందూ నిజం చెప్పేశాను.

అత్త నా వైపు తిరిగింది. "ఏడాదిసంది గొర్ల కాడ సుత నోరు తెరువలే గదరా అల్లుడా" అని పాట ఎత్తుకుంది. గొంతు వణికింది. పై స్థాయి అందక రెండుసార్లు ఆగింది.

నా అబద్ధాన్ని నేనే సగం నిజం చేశాను. రికార్డు చేసిన రోజు ఆమె గొంతులో ఏ లోపమూ లేదని చెప్పడానికే ఇది రాస్తున్నాను.