ఈనిన చెవులపిల్లి, మామ కుక్క

నా తోడల్లుడంటే నాకు కుళ్లు. దాచుకుని లాభం లేదు. ఆయన మా మామకు సొంత అక్క కొడుకు. నేను కుప్పం నుంచి వచ్చిన ఉద్యోగస్తుణ్ణి, పరాయివాణ్ణి. తంబళ్లపల్లె దగ్గరి ఆ ఊళ్లో అడుగుపెడితే నాకు కుర్చీ, కాఫీ. ఆయనకు తిట్లు. "యాడ సచ్చినావురా ఇంతసేపు" అని మామ ఆయన మీద అరుస్తుంటే నాకు కడుపు మండేది. మామ తనవాళ్లనుకున్న వాళ్లనే తిడతాడు. అత్తను తిడతాడు, కుక్కను తిడతాడు, మేనల్లుణ్ణి అందరికంటే ఎక్కువ తిడతాడు. పెళ్లయి ఆరేళ్లయినా నన్ను ఒక్కసారీ తిట్టలేదు. వడ్డించేవాడు మనవాడైతే కడబంతిలో కూర్చున్నా పరవాలేదంటారు. నేను ఎప్పుడూ మొదటి బంతిలోనే కూర్చున్నాను, వడ్డించేవాడే నావాడు కాడు.

మామకు చెవులపిల్లుల వేట పిచ్చి. కుందేలును ఆ పక్క అలాగే అంటారు. ఆ వేట చట్టప్రకారం తప్పని ఆయనకూ తెలుసు, నాకు ఇంకా బాగా తెలుసు. అయినా తెల్లారుతూనే ఉలవచేను గట్టున వల కట్టేవాళ్లు. ఒక కొస మామ, రెండో కొస తోడల్లుడు. మామ నల్లకుక్క పొదల్లోంచి చెవులపిల్లిని తరుముకొచ్చి వలలో పడేసేది, పంటి గాటు పడనిచ్చేది కాదు. నేను గట్టు మీద నిలబడి చూసేవాణ్ణి. ఒకసారి కొస పట్టుకుంటానని అడిగితే, "మీకెందుకప్పా, చేతులు కోసుకుపోతాయి" అన్నాడు మామ.

చలి ముదిరితే వేట బందు, శివరాత్రి దాకా కుక్కకు గొలుసు. ఎందుకని అడిగాను.

"సలికాలంలో పచ్చిమేత ఉండాది గదప్పా, అప్పుడే అవి ఎక్కువగా ఈనేది. పిల్లల్ని గడ్డిలో దాపెట్టి తల్లి ఆడాడే తిరుగుతాండాది, దూరం పరిగెత్తదు. కుక్క ఆ పిల్లల్ని నోట పట్టిందంటే రుచి మరుగుతాది. ఇంక వల దిక్కు తరమదు, ఆడనే కొరికి తినేస్తాది."

ఆ ఏడు వేట ఆఖరి రోజు తోడల్లుడి కొసన రెండు పడ్డాయి. మామ ఆయన వీపు మీద చరిచి, "దొంగనాయాలు, నా చెయ్యే వచ్చింది వీనికి" అన్నాడు. ఆ చరుపు నా వీపు మీద పడివుంటే ఎలా ఉండేదోనని వారం రోజులు ఆలోచించాను. ముప్పై అయిదేళ్లవాడికి ఇదేం ఆలోచన అని మీరనవచ్చు. నేనూ అనుకున్నాను.

ఆ చలికాలంలోనే మళ్లీ సెలవులకు వెళ్లినప్పుడు వాళ్లిద్దరూ టమోటాలతో మదనపల్లె మార్కెట్టుకు పోయారు. నేను కుక్క గొలుసు విప్పాను. ఒంటరిగా ఒక్కదాన్ని పట్టి మామ ముందు పెడితే చాలనుకున్నాను. వల ఒక కొస కంపచెట్టుకు కట్టి, రెండోది పట్టుకుని కూర్చున్నాను. కుక్క నా దిక్కు రానేలేదు. గడ్డిదుబ్బు దగ్గర ఆగి తల లోపల పెట్టింది. నేను పరుగెత్తుకెళ్లేసరికి రెండు పిల్లలు అయిపోయాయి. మూడోది కళ్లు తెరుచుకుని దాని నోట్లో ఉంది. లాగబోతే నా మీద గుర్రుమంది. దాని మూతి కడిగి, మళ్లీ గొలుసు వేసి, ఏమీ ఎరగనట్టు పేపరు చదువుకున్నాను.

శివరాత్రి దాటాక మొదటి వేట. చెవులపిల్లి లేచింది, కుక్క తరిమింది, వలకు సగం దూరంలోనే పట్టి చీల్చేసింది. మామకు వెంటనే అర్థమైంది.

"సలికాలంలో దీన్ని ఎవురిప్పినారు?"

తోడల్లుడు నా వైపు చూశాడు. నేను వంకరటింకరగా మడిచిపెట్టిన వలను ఆయన మార్కెట్టు నుంచి వచ్చిన రోజే గమనించి ఉంటాడు. "నేనే మామా" అన్నాడు.

మామ విరుచుకుపడ్డాడు. ఆరేళ్లు సాకిన కుక్క, వేటకు పనికిరాకుండా పోయింది. ఆ కోపమంతా తిట్లయి ఆయన మీద కురిసింది. తప్పించుకున్నానని నేను సంతోషించాలి. సంతోషం రాలేదు. ఆ తిట్లు నావి. తప్పు చేసి మరీ సంపాదించుకున్నవి. వాటినీ ఆయనే తీసుకుపోతున్నాడు.

"కాదు మామా, ఇప్పింది నేను" అన్నాను. భయంతో కాదు, ఆశతో.

మామ తిట్లు ఆపాడు. మెడ మీద కండువా తీసి మొహం తుడుచుకున్నాడు. "పోనీలేప్పా. మీకేం తెలుసు, పాపం" అన్నాడు మెత్తగా.

తర్వాత తోడల్లుడి వైపు తిరిగాడు. "అల్లుడుగారి కోసం నాకే అబద్దం సెప్తావేంరా, గాడిదా" అని మళ్లీ మొదలుపెట్టాడు, ఈసారి ఇంకా గట్టిగా. నా వాటాకు ఒక్కటీ రాలేదు.