వదిన ఆవు, ఐదు ఇంగ్లీషు మాటలు

మా వదిన ఆవు అమ్మను మొదటిసారి తన్నిన వారంలోనే నాకు చిక్కబళ్ళాపురంలో ఒక ప్రైవేటు కాలేజీలో ఇంగ్లీషు చెప్పే పని దొరికింది. ఇక నా కాళ్ళు భూమ్మీద నిలిస్తే ఒట్టు. మంచేనహళ్ళి పక్కనున్న మా ఊళ్ళో పొద్దున్నే బస్సెక్కి, దారి పొడుగునా పాఠం నాలో నేనే చెప్పుకుంటూ పోయేదాన్ని. పక్క సీటువాళ్ళు అదోరకంగా చూసేవాళ్ళు. చూస్తే చూడనీ, నాకేం!

మొదటి పాఠమే గట్టిది తగిలింది. పుట్టుకతో వచ్చే గుణాలకు ఇంగ్లీషులో ఉన్న మాటలు, వాటి మధ్య తేడాలు. నిఘంటువు తెరిస్తే అన్నిటికీ ఇంచుమించు ఒకటే అర్థం రాసి ఉంది. ఇంట్లో తెలుగు, బడిలో కన్నడ మాట్లాడి పెరిగిన పిల్లలకు దీన్ని ఎట్లా చెప్పేది? రెండు రోజులు తల పట్టుకుని కూర్చున్నాను. చివరికి ఉదాహరణలన్నీ మా ఇంట్లో, మా కొట్టంలోనే దొరికాయి.

వదిన ఆవు ఈనిన రోజు, పెయ్య ఒళ్ళు తడి ఆరకముందే తూలుకుంటూ లేచి, ఎవరూ చూపించకుండానే పొదుగు వెతుక్కుంది. అది 'ఇన్నేట్'. ప్రాణితో పాటే పుట్టిన తెలివి. మా పాత ఆవుకు ఒకసారి ఒంటికన్ను దూడ పుట్టింది. అది 'కంజెనిటల్'. పుట్టేటప్పటికే ఉందని చెబుతుందంతే, వంశం నుంచి వచ్చిందా లేదా అన్న ఊసే ఎత్తదు. ఆ ఊసెత్తేది 'హెరిడిటరీ'. మా ఇంటి మగవాళ్ళకు ముప్పై దాటితే నెత్తిన వెంట్రుక నిలవదు, తాత దగ్గర్నుంచి అన్న దాకా అదే వరస. 'ఇన్‌హెరెంట్'కు పుట్టుకతోనూ పని లేదు, అమ్మానాన్నలతోనూ పని లేదు. మిరపకాయలో కారం లాగా వస్తువులోనే ఉంటుంది, విడదీయలేం. పిల్లలు నవ్వుతూ రాసుకుంటుంటే నాకు ఎక్కడలేని గర్వం వచ్చేది.

ఇక ఆ ఆవు సంగతి. మా వదినది శిడ్లఘట్ట తాలూకా సాదలి. పెళ్ళయ్యాక, తాను దూడనాటి నుంచి పెంచిన సీమావును పుట్టింట్లో అడిగి మరీ వెంట తెచ్చుకుంది. అప్పటికే అది రెండో చూలుతో ఉంది, మా కొట్టంలోనే ఈనింది. మా ఇంట్లో పాలు పిండడం అమ్మ పని. కొత్త కోడలి చేతికి ఏడాది తిరిగేదాకా చెంబు ఇవ్వరు. అమ్మ వెళ్ళి కూర్చుంటే చాలు, ఆవు తన్నేది. చెంబు ఒకవైపు, అమ్మ ఒకవైపు. కాళ్ళకు బందం వేసి చూశారు, తవుడు, బూసా పెట్టి బుజ్జగించి చూశారు. చేపితే కదా పాలు వచ్చేది! చుట్టుపక్కల వాళ్ళు వచ్చి, దాని తల్లీ ఇంతే అయ్యుంటుంది, జాతే అంత అన్నారు. నాలుగు రోజులకు ఆ మాట ఆవును దాటి సాదలి దాకా పోయింది. ఆ ఊరి గుణమే అంత అని వదిన వినేలా అనేవాళ్ళు. ఆమె తల వంచుకుని పేడ ఎత్తుకునేది.

అందులో నా నిర్వాకం కూడా ఉంది. ఒక సాయంత్రం అందరం అన్నం తింటున్నాం. కొత్త మాటలు నా నోట్లో నిలుస్తాయా? ఆవు తన్నడాన్ని ఇంగ్లీషులో 'హెరిడిటరీ' అంటారని, అది తల్లి నుంచి బిడ్డకు వచ్చేదని నాయనకు పాఠం చెప్పేశాను.

నాయన ముద్ద ఆపి ఆలోచించాడు. "అట్లయితే పెయ్య గూడా తన్నేదే గదా. రెండిట్నీ చింతామణి సంతకు తోలేస్తా" అన్నాడు. అప్పటికప్పుడే బేరగాడికి ఫోను చేసి ఎల్లుండి పొద్దున రమ్మన్నాడు. వదిన కంచంలో అన్నం వదిలేసి లేచిపోయింది. నా నోటికి తాళం వెయ్యాల్సింది ఎవరైనా.

మరుసటి రోజు క్లాసులో చివరి మాట 'ఇన్‌గ్రెయిన్డ్'. ఇది పుట్టుకతో వచ్చేది కాదు. అలవాటై అలవాటై లోపలికి ఇంకిపోయి, పుట్టుగుణం లాగా కనిపించేది. మా నాయన రోజూ తలుపుకు ఎడమ పక్కనే కూర్చుని అన్నం తింటాడు, ఇంకో పక్క కూర్చోబెడితే ఆయనకు ముద్ద దిగదు అని చెబుతున్నాను. పక్క! నాకు కొట్టం గుర్తొచ్చింది. అమ్మ ఆవుకు ఎడమ పక్క కూర్చుని పిండుతుంది, మా ఊళ్ళో అందరూ అంతే. వదిన మాత్రం ఆవును కడిగేటప్పుడు ఎప్పుడూ కుడి పక్కకే పోతుంది, అది కళ్ళు సగం మూసుకుని నెమరేస్తూ నిలబడుతుంది. గంట కొట్టడం ఆలస్యం, బస్టాండుకు పరుగెత్తాను. ఆ బస్సు ఎక్కడపడితే అక్కడ ఆగుతుంటే, దిగి పరుగెత్తుకుంటూ పోదామా అనిపించింది.

వదిన వామి దగ్గర గడ్డి పీకుతోంది. సాదలిలో ఆవుకు ఏ పక్క కూర్చుని పిండేదానివని రొప్పుతూ అడిగాను. ఆమె ఇంటి తలుపు వైపు చూసి, గొంతు తగ్గించి చెప్పింది.

"కుడి పక్క, పాపా. నాది పుర్రచెయ్యి. నాకు ఆ పక్కే వీలు. అత్తకు చెప్పొద్దు."

అన్నం కుడిచేత్తోనే తింటుంది, వడ్డన కుడిచేత్తోనే చేస్తుంది. ఇన్ని నెలల్లో మాకెవరికీ తెలియనే లేదు. అమ్మ సంగతి ఆమెకు తెలుసు. ఎడమచేత్తో ఉప్పు అందించినా అమ్మ తీసుకోదు, ఇక పిండిన పాలల్లో మొదటి గ్లాసు దేవుడికి పెట్టేది, ఎడమచేత్తో పిండితే ఊరుకుంటుందా? నాకు కోపం ముంచుకొచ్చింది. రేపు ఆవు పోతుంటే నోరు మూసుకుని ఉంటావా అని నిలదీశాను.

"ఆవు పోతే ఏడ్చుకుంటా. ఇది తెలిస్తే రోజూ మాట పడల్ల" అంది.

సాయంత్రం పాలవేళకు నేనే కొట్టంలో అందరి ముందు నిలబడి, నిన్న నేను చెప్పింది తప్పు, అది జాతి గుణం కాదు, అలవాటు అన్నాను. వదిన చెయ్యి సంగతి ఎత్తలేదు, కుడి పక్క కూర్చోమని మాత్రం అమ్మను బతిమాలాను. అమ్మ గొణుక్కుంటూ కూర్చుంది. ఆవు తన్నలేదు! కానీ ఆ పక్క నుంచి అమ్మకు చెయ్యి ఆడలేదు. రెండు ధారలు చెంబులో, నాలుగు నేల మీద. ఆవు అసహనంగా తోక విసరడం మొదలుపెట్టింది. అప్పుడు వదిన వచ్చింది. అమ్మ దగ్గర చెంబు అందుకుని, ఆవును ఒకసారి నిమిరి, మోకాళ్ళ మధ్య చెంబు పెట్టుకుని కూర్చుంది. ముందుగా కదిలింది ఎడమ చెయ్యే. అందరూ చూశారు. చూస్తుండగానే చెంబు నిండింది.

నాయన బయటికి పోయి బేరగాడికి రావద్దని ఫోను చేశాడు. అమ్మ నురగతో ఉన్న చెంబును చేతుల్లోకి తీసుకుంది. లోపలికి పోయి మొదటి గ్లాసు ఎప్పటిలాగే దేవుడి గూట్లో పెట్టింది.

నా సంతోషానికి పట్టపగ్గాల్లేవు. తొట్టి దగ్గర చేతులు కడుక్కుంటున్న వదిన పక్కన చేరి, ఐదు మాటలూ వరసగా అప్పజెప్పాను. పుర్రచెయ్యి పుట్టుకతోనే వస్తుందని, అందులో తప్పేమీ లేదని కూడా చెప్పాను. ఆమె ఓపికగా అంతా విని, తడి ఎడమ చెయ్యి నా ముందుకు చాపింది. మణికట్టు మీద పాత మచ్చ ఒకటి నున్నగా మెరుస్తోంది.

"ఈ చేత్తో అన్నం తింటాండానని మా అవ్వ గరిటె కాల్చి పెట్టింది. నాకప్పుడు ఐదేండ్లు. పుట్టుకతో వచ్చిందాన్ని కాల్చి మాన్పిస్తే, దానికి యా మాట ఉండాది పాపా?"

నేను చెప్పిన ఐదింటిలో అది లేదు.